ముప్పై ఒక్క గీతలు

జబ్బార్ ఎవరింటికైనా రంగు వేయడానికి వెళ్తే మొదటి అరగంట బ్రష్షు గోడకు తగలనివ్వడు. ఖాళీ బకెట్ బోర్లించి గది మధ్యలో కూర్చుంటాడు. పాత సైన్‌బోర్డుల నుంచి కోసిన హార్డుబోర్డు ముక్క ఒళ్ళో పెట్టుకుని, డబ్బాల అడుగున మిగిలిన రంగులతో ఆ గదిని ఉన్నదున్నట్టు గీస్తాడు. అందులో మనుషులుండరు. మనుషులు వదిలినవి ఉంటాయి. మంచం తలవైపు నూనె మరక, స్విచ్చు చుట్టూ వేళ్ళ మురికి, క్యాలెండర్ తీసేసిన చోట గోడ మీద మిగిలిన తెల్లటి చదరం, పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గుర్తులు. పని ముగిసిన రోజున ఆ బొమ్మ ఇంటి ఆడవాళ్ళ చేతికిచ్చి, "మీ గదేనమ్మా, ఉంచుకోండి" అని చెప్పి వచ్చేస్తాడు.

గురజాల బస్టాండు దగ్గర నాకు రంగుల షాపు ఉంది. ఇరవై రెండేళ్ళుగా జబ్బార్ డబ్బాలు నా దగ్గరే తీసుకుంటాడు. నేను ముక్కోపిని, ఆ సంగతి బజారంతా తెలుసు. పిరికివాణ్ణన్న సంగతి నాకొక్కడికే తెలుసు. ఇది జబ్బార్ గురించి రాస్తున్నదే అయినా, ఆ రెండో సంగతి ముందే చెప్పకపోతే మిగిలిందంతా అబద్ధమవుతుంది.

జబ్బార్ తండ్రి అలీ సాహెబ్ లారీల వెనక అక్షరాలు రాసేవాడు. కొడుక్కి అదే చెయ్యి వచ్చింది. ఎరువుల ప్రకటనలు, విత్తనాల పేర్లు, ఎన్నికల గుర్తులు, ఒకటేమిటి, మాచర్ల నుంచి నరసరావుపేట దాకా రోడ్డు పక్క గోడల మీద సగం అక్షరాలు ఒకప్పుడు జబ్బార్‌వే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఊడ్చుకుపోయింది. ఇళ్ళకు రంగులు వేయడంలోకి దిగాడు. నేను అయ్యోపాపం అనబోతే నన్నే ఓదార్చాడు. "ఇన్నాళ్ళూ గోడకి బయటే ఉండా సేటూ. ఇప్పుడు లోపలికి రానిస్తన్నారు" అన్నాడు.

బొమ్మల అలవాటు ఒక తగాదాలోంచి పుట్టింది. ఒక ఇంట్లో పనంతా అయ్యాక ఆ ఇల్లాలు, గోడలో ఉన్న బీట అతని నిచ్చెన తగిలే వచ్చిందని నానా రభస చేసింది. ఆ మర్నాటి నుంచి జబ్బార్ పని మొదలుపెట్టే ముందు గోడ ఎలా ఉందో గీసి, ఇంటివాళ్ళకు చూపించి, వాళ్ళు ఔనన్నాకే గీకుడు రేకు పట్టేవాడు. బీటలు ఎన్ని ఉంటే అన్ని, మేకులు ఎన్ని ఉంటే అన్ని. ఒకటి ఎక్కువ గీయడు, ఒకటి తక్కువ గీయడు. చేతుల్లోకి ఫోన్ కెమెరాలు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది గానీ జబ్బార్ మానలేదు. అరగంట కూలి దండగ చేసుకుంటున్నావని నేను కసిరితే నవ్వేవాడు.

ఒకసారి మా ఇంటికే వచ్చి మా పడకగది గీశాడు. బొమ్మలో రెండు తల మరకలు, రెండు వేర్వేరు గోడల మీద. మా ఆవిడ ఆ బొమ్మ పట్టుకుని చాలాసేపు చూసింది. నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున మంచాలు రెండూ దగ్గరికి జరిపించింది. ఆ మనిషి కన్ను అలాంటిది. మనం ఏం దాస్తామో మన గోడ దాచదని అతనికి తెలుసు.

పోయినేడు గురవయ్యతో అతనికి జరిగిన గొడవ కూడా చెప్పాలి. గురవయ్య పక్క ఊళ్ళో మిర్చి వేసే కౌలు రైతు, ఆ ఊరి ఎంపీటీసీ. ఎప్పుడూ నోట్లో ఆకువక్క ఉండాల్సిందే. ఆకుకు సున్నం రాశాక వేలికి మిగిలినదాన్ని పక్కనున్న గోడకు పూస్తాడు. పల్లెటూళ్ళలో ఇది అందరూ చేసే పనే. కానీ గురవయ్య ఎడమ బొటనవేలు ట్రాక్టరు గొలుసులో పడి వంకరపోయింది. ఆ వేలితో కింది నుంచి పైకి లాగితే గీత చివర కుడికి కొక్కెంలా తిరుగుతుంది. జబ్బార్ ఆయన ఇంటికి రెండు కోట్లు రంగు వేసి, మిగిలిన సామాను తెచ్చుకుందామని మర్నాడు వెళ్తే, కొత్త గోడ మీద మూడు తెల్లటి కొక్కేలు కనిపించాయి.

"నీ వేలు తగలెయ్య! నిన్న ఆరిన గోడయ్యా అది!" అని అరిచాడట.

"గోడ నాది, వేలు నాది. మధ్యన నీకేంది జబ్బారూ?" అన్నాడు గురవయ్య, ఇంకో ఆకు తీస్తూ.

ఆయన భార్య రామాయమ్మ పడీ పడీ నవ్వి ఇద్దరికీ టీ పెట్టింది. అప్పటి నుంచి ఆ దారిన పోతే జబ్బార్ వాళ్ళింట్లో టీ తాగకుండా రాడు. ఆమెను అక్కా అంటాడు.

ఈ ఏడాది వాళ్ళ మండలాధ్యక్షుడి మీద అవిశ్వాసం పెట్టారు. మా వైపు ఇలాంటిది వస్తే ఎంపీటీసీలు ఇళ్ళల్లో ఉండరు. ఎవరి పక్షం వాళ్ళు తమ మనుషుల్ని కార్లెక్కించి క్యాంపులకు తీసుకుపోతారు. ఓటు రోజున నేరుగా ఆఫీసు దగ్గర దించుతారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా దీన్ని తీర్థయాత్ర లెక్కన చూస్తారు, తువ్వాలు, పంచె సర్ది పంపిస్తారు.

అధ్యక్షుణ్ణి నిలబెట్టింది బ్రహ్మయ్య. ఆ పేరు ఆ ఊళ్ళో ఆరుగురికి ఉంది కాబట్టి రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. గురవయ్య గెలిచింది బ్రహ్మయ్య అండతోనే, కానీ ఈసారి అవిశ్వాసానికే చెయ్యెత్తుతానని టీ కొట్టు దగ్గర అందరిముందూ అనేశాడు. ఆ తర్వాతి సోమవారం తెల్లవారుతుండగానే బ్రహ్మయ్య మనుషులు కారు తెచ్చి, మాట్లాడాలి రమ్మని ఎక్కించుకుపోయారు. ఆ పై వారం మంగళవారం ఓటు. గురవయ్య రాలేదు. అవిశ్వాసం ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది.

బుధవారానికి క్యాంపులకు పోయినవాళ్ళంతా నల్లకళ్ళజోళ్ళు పెట్టుకుని ఇళ్ళకు చేరారు. గురవయ్య చేరలేదు. ఫోన్ స్విచ్చాఫ్. ఆయన్ను ఆ సోమవారమే ఊరి బయట దింపేశామని బ్రహ్మయ్య మనుషులు చెప్పారు. రెండు పక్షాల దగ్గరా డబ్బు తిని కృష్ణ దాటి నల్లగొండ వైపు పోయాడని ఊళ్ళో ఒక మాట పుట్టింది. పుట్టిన గంటలోనే అందరూ దాన్ని నమ్మేశారు. నేనూ నమ్మాను. నమ్మితే హాయిగా ఉంటుంది.

శనివారం పొద్దున జబ్బార్ వచ్చి లేత నీలం ఎమల్షన్, ప్రైమరు, బీటలు పూడ్చే లప్పం తీసుకున్నాడు. బ్రహ్మయ్య ఇంట్లో దొడ్డివైపు గది ఒక్కటి వేయాలట, రేపు సాయంత్రానికల్లా అయిపోవాలట.

"అంత తొందరేందిరా?" అన్నాను.

"చుట్టాలొస్తన్నారంట. మనకెందుకులే సేటూ."

ఆదివారం చీకటి పడకముందే తిరిగి వచ్చాడు. షాపులో ఎవరూ లేరు. స్టూలు మీద కూర్చున్నాడు, టీ చెప్తే వద్దన్నాడు. బకెట్ అడుగున మడతపెట్టిన గుడ్డల కింద నుంచి హార్డుబోర్డు ముక్క తీసి కౌంటరు మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో అతను ఇంటివాళ్ళకు ఇవ్వకుండా తెచ్చుకున్న బొమ్మ అదొక్కటే.

ఖాళీ గది. మంచం లేదు, మేకు లేదు. కిటికీ చట్రానికి అట్టలు అంటించి పీకేసిన జిగురు చారలు. తలుపుకు బయటవైపు కొత్త గడియ. తలుపు పక్కన గోడ మీద, నేలకు రెండడుగుల ఎత్తులో, గుండ్రటి నూనె మరక. దాని పక్కన వరుసలు వరుసలుగా తెల్లటి గీతలు. ఒక్కొక్కటీ కింది నుంచి పైకి లేచి, చివర కుడికి కొక్కెంలా తిరిగింది.

నేను లేచి షట్టరు సగం దించాను.

"కింద కూచోని, తల ఆడ ఆనించాడు సేటూ," అన్నాడు జబ్బార్. "మొదట నూనె మరక గీశా, ఏమనిపించలా. రెండో గీత గీసేటప్పటికి చెయ్యి ఆగిపోయింది. ఈ వేలు నాకు తెల్సు గదా. గుమ్మం కాడ ఇద్దరు కూచోనుండారు. నా ఫోను గేటు కాడే తీసి పెట్టుకున్నారు. వాళ్ళు చూస్తానే ఉండారు, నేను గీస్తానే ఉండా. ఏందది అంటే రంగు సరిచూసుకుంటన్నా అని చెప్పా."

"మరి గోడ?"

"వేశా." తల వంచుకున్నాడు. "ఏం చెయ్యను? కాదంటే నన్ను గూడా ఆడే కూచోబెడతారు. రేకు పెట్టి ఒక్కోటీ గీకా. సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడి నా అరిచేతిలో పడింది. లప్పం పెట్టి, రుద్ది, ప్రైమరు కొట్టి, రెండు కోట్లేశా. నా జన్మలో అంత నున్నగా ఏ గోడా వెయ్యలా సేటూ. నా చేత్తోనే తుడిచేశా."

ఏడవడం అతనికి చేతకాదు. ముఖం అదోలా అయింది, అంతే. ఆ బొమ్మ నా దగ్గర దాచమన్నాడు. తన ఇంట్లో పెడితే భార్య అబిదా భయపడుతుందన్నాడు. సరేనన్నాను. వెనక అరలో, ఖాళీ గోనెసంచుల కింద పెట్టాను. ఎవరికీ చెప్పొద్దని ఒకటికి నాలుగుసార్లు చెప్పి పంపించాను. ఎవరికీ అంటే రామాయమ్మకు కూడా అని.

వింటాడా! సోమవారం పొద్దున్నే ఆమె ఇంటికి పోయి అంతా చెప్పేశాడు. ఇద్దరూ కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళారు. ఎస్సై బందోబస్తుకు పోయాడు, రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు. జబ్బార్ అక్కడి నుంచే నాకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ రోజు మూడింటికి బ్రహ్మయ్య కారు నా షాపు ముందు ఆగింది. ఆయనే దిగాడు. తెల్ల చొక్కా, చేతిలో ఏమీ లేదు. షాపంతా తీరిగ్గా చూశాడు. షేడు కార్డు తీసి నాలుగు పేజీలు తిప్పాడు.

"రంగు బాగుందబ్బాయ్, నువ్విచ్చింది. సాయిబు పనితనం గూడా బాగుంది."

"మీ దయండీ" అన్నాను.

"రెండేళ్ళ కింద హాలు వేసినప్పుడు బొమ్మ గీసిచ్చాడు. ఫ్రిజ్జు మీద ఉంది ఇప్పటికీ. ఈసారి ఇవ్వకుండా పోయాడు. మర్చిపోయినట్టుండాడు." షేడు కార్డు మూసి జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాడు. "నీకేవన్నా కనపడితే చెప్పు. పిల్లలెంతమంది నీకు?"

"ఒక్కతే అమ్మాయండీ."

"నరసరావుపేటలో చదువుకుంటంది గదా. మంచిది" అని వెళ్ళిపోయాడు. ఏమీ కొనలేదు. గట్టిగా ఒక్క మాటైనా అనలేదు.

మంగళవారం పొద్దున ఏడింటికి షాపు తెరిచాను. బొమ్మ బయటికి తీశాను. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలన్న ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది. ఫోన్‌లో ఉన్నది ఎక్కడెక్కడికి పాకుతుందో అని తీయలేదు. ముక్కలు చేసి పారేద్దామంటే బజారు మధ్యలో షాపు, చెత్త ఊడ్చేవాళ్ళు చూస్తారు. చివరికి తెల్ల ప్రైమరు డబ్బా మూత తీసి, రెండంగుళాల బ్రష్షు ముంచాను. మొదట కిటికీ పోయింది, తర్వాత గడియ, తర్వాత నూనె మరక. సున్నపు గీతలు మాత్రం తెలుపు కింద తెలుపుగా కాసేపు కనిపిస్తూనే ఉన్నాయి. అవి పోవడానికి రెండో కోటు కొట్టాను. రంగులు అమ్మడమే గానీ నా చేత్తో వేయడం అదే మొదలు.

పదకొండింటికి ఆటో ఆగింది. జబ్బార్, వెనక రామాయమ్మ. ఆమె నలిగిన చీరలో ఉంది, చెప్పులు కూడా లేవు. అయినా ముఖంలో ఏదో ఆశ ఉంది. దాన్ని చూడగానే నాకు పారిపోవాలనిపించింది.

"ఎస్సై కలిశాడు సేటూ!" జబ్బార్ గుమ్మంలోంచే అందుకున్నాడు. "నీ నోటిమాట మీద పెద్దమనిషి ఇంట్లో గోడ గీకించలేను, ఆ బొమ్మ పట్రా, అక్క ఇంట్లో గీతలతో పోల్చి చూస్తా, సరిపోతే ఇయ్యాలే మనుషుల్ని తీసుకోని పోతా అన్నాడు. నూనె మరక ఎమల్షన్ కిందే ఉంటది గదా, గీకితే బయటపడద్ది. తొందరగా ఇయ్యి, ఆటో ఉండాది."

నేను లేవలేదు. జబ్బార్ తనే వెనక అర దగ్గరికి వెళ్ళాడు. గోనెసంచులు ఎత్తి చూశాడు. తర్వాత అరకు ఆనించి ఆరబెట్టిన తెల్లటి ముక్క అతని కంటపడింది. దాని కొలత అతనికి తెలుసు, కోసింది అతనే. అంచు మీద వేలు పెట్టి తీశాడు. వేలికి తెలుపు అంటింది.

"ఎప్పుడేశావ్ సేటూ?"

"పొద్దున."

"ఎన్ని కోట్లు?"

"రెండు."

రామాయమ్మ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. "ఏదయ్యా బొమ్మ? ఇదేంది, ఏవీ లేదే దీని మీద?"

జబ్బార్ గుడ్డ తడిపి, నేల మీద కూర్చుని, ఆ ముక్కను ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టాడు. ప్రైమరు లేచింది. దానితోపాటే కింది రంగులూ లేచాయి. గుడ్డకు నల్లగా నూనె మరక, బూడిదరంగుగా కిటికీ. మొదట ఒక్క కొక్కెం కనపడింది. రామాయమ్మ చప్పున వంగింది. "ఆయందే! ఇది ఆయందే తమ్ముడూ!" అంటుండగానే గుడ్డ కింద అది కూడా పాలలా కలిసిపోయింది. జబ్బార్ ఇంకా రుద్దుతూనే ఉన్నాడు. కింద హార్డుబోర్డు గోధుమరంగు బయటపడేదాకా రుద్దాడు.

"చాల్లే," అంది ఆమె, అతని మణికట్టు పట్టుకుని. "ఎన్ని ఉండయ్ తమ్ముడూ ఆ గోడ మీద? నువ్వు లెక్క తప్పవుగా."

"ముప్పై ఒకటక్కా."

ఆమె గుమ్మం పక్కనే నేల మీద కూలబడింది. వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.

"రోజుకు మూడుసార్లు ఏసుకుంటాడు. పొద్దున టీ అయినాక, మధ్యాన్నం అన్నమైనాక, రాత్రికి పడుకోబోయే ముందు. నాలుగోది నేను ఎయ్యనియ్యను, నోరు పొక్కుద్దని. జొరమొచ్చినా మూడే, పెళ్ళికి పోయినా మూడే." వేళ్ళు మడుస్తూనే ఉంది. "సోమారం పొద్దున తీసకపోయారు. ఆడ టీ ఇచ్చే ఉంటారు. పై సోమారానికి ఎనిమిది రోజులు, ఇరవై నాలుగు. మంగళారం ఓటు. ఇరవై ఏడు. బుధారం రాత్రికి ముప్పై."

ఆగింది. ఒక వేలు మిగిలింది. దాన్ని మడవకుండా చూస్తూ కూర్చుంది.

"ఓటు అయిపోయినాక గూడా ఉండాడు. బేస్తారం పొద్దున టీ తాగి ఆకేసుకున్నాడు. మధ్యాన్నం ఏసుకోలా."

బస్టాండులో మాచర్ల బస్సు కండక్టరు కేకలు వేస్తున్నాడు. అప్పుడామె తలెత్తి నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"అన్నా," అంది. "బొమ్మ పోతే పోయింది. రంగేసేముందు నువ్వు చూశావు గదా, కళ్ళారా. జబ్బారు ఒక్కడు చెప్తే నమ్మట్లా. నువ్వు షాపు ఉన్నోడివి, నీ మాటకి ఇలవుంటది. వచ్చి ఎస్సైకి ఆ ఒక్క మాట చెప్పు. ఇంకేం అడగను."

జబ్బార్ కూడా నా వైపే చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళలో అతను నన్ను అడిగినవి తక్కువ. ఇదైతే అతను అడగడం లేదు కూడా, ఊరికే చూస్తున్నాడు. నాకు నరసరావుపేటలో మా అమ్మాయి కాలేజీ గేటు కళ్ళముందు మెదిలింది. తెల్ల చొక్కా మెదిలింది. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే సాకులు. ఆ క్షణాన నాలో ఉన్నది భయం ఒక్కటే.

"నేను సరిగా చూళ్ళేదమ్మా" అన్నాను. "గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు. విప్పనే లేదు."

విప్పకుండా రెండు కోట్లు ఎలా కొట్టావని రామాయమ్మ అడగలేదు. కొంగు దులుపుకుని లేచింది. జబ్బార్ కళ్ళు నా చేతుల మీద ఉన్నాయి. గోళ్ళ సందుల్లో ప్రైమరు ఇంకా అలాగే ఉంది. చేతులు కౌంటరు కిందికి లాక్కున్నాను. అతను ఆమెను ఆటో ఎక్కించి, తనూ ఎక్కి, మళ్ళీ స్టేషన్‌కే పోనిమ్మని డ్రైవరుకు చెప్పాడు.